కలకత్తాకు వెళ్ళిన తొలికాయ

ఉద్దానంలో ఇసుక తెల్లన. ఎవరు ఏ వైపు వెళ్ళారో పొద్దు గుంకేదాకా దాని మీద చదువుకోవచ్చు. అలాంటి చోట గౌరమ్మ తన బతుకులో ఒకే ఒక్కసారి అబద్ధం చెప్పి ఊరు దాటింది.

పందొమ్మిది వందల ఇరవైలు ముగిసిపోతున్న రోజులవి. సముద్రపు హోరు వినిపించేంత దగ్గర ఆమె ఊరు. భర్త పోయాక ఆమెకు మిగిలినవి కాసిని కొబ్బరిచెట్లు, ఓ చిన్న జీడితోట, కూతురు నీలవేణి. నీలవేణికి చిన్నప్పుడే పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళకముందే మశూచి ఆ కుర్రవాణ్ణి తీసుకుపోయింది. మారుమనువు చేద్దామన్నారు పెద్దలు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి పలక పట్టుకుంది. గౌరమ్మ కొబ్బరిపీచుతో తాళ్ళు పేని, అరచేతులు పీచులా అయిపోయేదాకా పేని, కూతుర్ని చదివించింది. ఇప్పుడు నీలవేణి టెక్కలిలో ఆడపిల్లల బడి పంతులమ్మ.

రోజూ గోడమీది పటం దగ్గర నిలబడి పిల్లలకు ఊళ్ళు చూపిస్తుంది. బెత్తం కొన మద్రాసు దగ్గర కాసేపు ఆగుతుంది, కలకత్తా దగ్గర మరికాసేపు. తను మాత్రం పలాస స్టేషను దాటి ఎరగదు. పిల్లలు "అక్కడ ఏముంటుందండీ?" అని అడిగినప్పుడల్లా పుస్తకంలో ఉన్నదే చెబుతుంది. చెప్పి, చూడని ఊరిని అరువు తెచ్చుకున్నట్టు సిగ్గుపడుతుంది.

ఆ వేసవి మొదట్లో ఇంటికి వచ్చి, తాడు పేనుతున్న తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఈస్టరుకి బడి శుక్రవారం నుంచి సోమవారం దాకా మూసేత్తారు. కలకత్తా ఎల్దామా?"

గౌరమ్మ చేతులు ఆగాయి. "ఎవులైనా పోనారేటే?"

"ఎవరూ పోలేదు."

"పెల్లా?"

"కాదు."

"మరైతే దేనికే?"

"ఊరికే."

"ఏ ఊరికే?"

నీలవేణి నవ్వింది. తల్లికీ నవ్వు రాబోయి పెదవుల దగ్గరే ఆగిపోయింది. చావుకు వెళ్ళడం తెలుసు, పెళ్ళికి వెళ్ళడం తెలుసు, వైద్యానికీ మొక్కుకీ వెళ్ళడం తెలుసు. చూడాలనిపించి వెళ్ళడానికి ఆమె దగ్గర మాట లేదు.

కూతురు అంతా ఆలోచించుకునే వచ్చింది. మూడో తరగతిలో వెళ్ళడం. దారికి అటుకులూ తాటిబెల్లమూ, మరచెంబుతో నీళ్ళు. దిగాక సత్రం వెతుక్కోనక్కర్లేదు. గౌరమ్మ అన్నకొడుకు పోలారావు అక్కడే జనపనార మిల్లులో పని చేస్తున్నాడు, గంగ ఒడ్డున కూలీల ఇళ్ళ వరసలో అతనికో గది ఉంది. మూట కూలీ నెత్తిన పెట్టకుండా తామే మోసుకోవడం. దూరమైతే ట్రాములో రెండో తరగతి, దగ్గరైతే నడక. తిండి పోలారావు ఇంట్లోనే, బియ్యం తాము పట్టుకెళితే సరి. ఆ పొదుపంతా ఎంతో ముద్దుగా చెప్పింది నీలవేణి, పిట్ట గూటికి తెచ్చిన పుల్లల్ని ఒక్కొక్కటే చూపిస్తున్నట్టు.

తల్లి అంతా విని గొంతు తగ్గించింది. "నలుగురూ ఏటంతారే? మొగుడు పోయినోల్లిద్దరికీ సరదా ఏటని నవ్వరూ?"

నీలవేణి ముఖం తిప్పుకుని సముద్రం ఉన్న వైపు చూసింది. ఆ చూపు చూడలేకే గౌరమ్మ ఒప్పుకుంది. మర్నాడు బావి దగ్గర ఎవరో అడిగితే, నాలుకకు మొదట తట్టిన మాట అనేసింది.

"పూరీ ఎల్తన్నాం. జగన్నాథుడి కాడికి."

కలకత్తా వెళ్ళే రైలే పూరీ యాత్రికుల్నీ మోసుకుపోతుంది. పూరీ వెళ్ళేవాళ్ళు మధ్యలో ఖుర్దా రోడ్డులో దిగి బండి మారాలి. అందుకని అబద్ధం నిజంలా నిలబడింది. ఆ క్షణం నుంచి ఊరు ఆమెను చూసే చూపు మారిపోయింది. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు తొలగి దారి ఇచ్చారు. గౌరమ్మ తల వంచుకుని నడిచింది. అది భక్తి అనుకున్నారు.

బయలుదేరే ముందురోజు పక్కింటి చిన్నతల్లి వచ్చింది. గౌరమ్మ కంటే పెద్దది, వరసకు అక్క, 'అప్పా' అని పిలుపు. చేతిలో పసుపుగుడ్డలో కట్టిన కొబ్బరికాయ.

"మా దొడ్లో సెట్టు కాసింది, సూసేవా? తొలికాయి. నానే నాటేను, నానే నీల్లు మోసేను. ఎవుల్నీ ముట్టనీలేదు." గుడ్డ మీద చెయ్యి ఆనించే ఉంచింది. "కోడలికిది మూడో కానుపు. మొదటి ఇద్దరూ నిలవలేదు కదా. ఈ కాయి ఆ సామి ముందర కొట్టి, ఈసారి పిల్ల నిలవాలని సెప్పు. అంతే సాలు."

గౌరమ్మ రెండు చేతులూ చాచింది. చాచక ఏం చేస్తుంది? కాయ బరువు లేదు. కానీ ఇంట్లో ఎక్కడ పెట్టినా అది తనవైపే తిరిగి కూర్చున్నట్టుంది.

పలాసలో పొద్దున్నే ఎక్కారు. పెట్టె నిండా యాత్రికులే. విజయనగరం వైపు నుంచి వస్తున్న ముసలి దంపతులు పసుపుగుడ్డ చూసి జరిగి చోటిచ్చారు. మధ్యాహ్నం దాటాక ఖుర్దా రోడ్డు వచ్చింది. "జై జగన్నాథా" అంటూ పెట్టె సగం ఖాళీ అయింది. ముసలామె కిందికి దిగి, చెయ్యి పైకి అందించింది.

"దిగండమ్మా, దిగండి. బండి కదిలిపోతాది."

"మావు... తిరిగొచ్చినప్పుడు దిగుతాం," అంది గౌరమ్మ.

ముసలామె కాయ వైపు చూసింది, ఆమె వైపు చూసింది. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. రైలు కదిలింది.

"నిజంగానే దిగుదామే," అంది గౌరమ్మ కూతురితో. "ఒకరోజు ముందే బయలెల్దాం. పూరీ సూసి, కాయి కొట్టి, అప్పుడింటికి."

"సరే అమ్మా," అంది నీలవేణి, తల్లి చెయ్యి పట్టుకుని.

ఆ మాటతో కొంచెం ఊపిరాడింది. కానీ దేవుడి స్టేషను దాటాక కూడా మొక్కుకాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎలా? కొత్తగా ఎక్కినవాళ్ళందరూ దాన్నే చూస్తున్నట్టనిపించింది. గౌరమ్మ పైటచాటున ముడి విప్పి, పసుపుగుడ్డను మడిచి నడుముకు దోపుకుంది. బోడికాయను అటుకులమూట అడుగున పెట్టింది.

తెల్లవారేసరికి కలకత్తా. పోలారావు స్టేషనుకు వచ్చాడు. "అత్తా! ఎంత చిక్కిపోనావు!" అంటూ మూట లాక్కున్నాడు. గదిలో అతని భార్య కామేశ్వరమ్మ వేడినీళ్ళు కాచి ఉంచింది. ఆ గది కిటికీలోంచి గంగ బూడిదరంగు చీరలా కనిపించింది. సున్నం రాలిన గోడ, పొగ వాసన, పక్కగదిలో ఒరియా మాటలు. గౌరమ్మకు అన్నీ బెరుకే.

కానీ ట్రాము ఎక్కాక ఏదో జరిగింది. ఎద్దుల్లేవు, గుర్రాల్లేవు, పొగ లేదు. వీధి మధ్యలో ఒక గది తనంతట తాను వెళ్ళిపోతోంది. గంట టంగుమంది.

"దీన్నెవులు లాగుతున్నారే?"

"మెరుపు లాగుతోందమ్మా. పైన ఆ తీగలోంచి."

"మెరుపుని కాడికి కట్టేసేరేటి!" అని గౌరమ్మ పైకి చూసి, పక్కవాళ్ళు వింటున్నారేమోనని చూడకుండా పకపకా నవ్వింది.

జంతువుల తోటలో జిరాఫీ ముందు నిలబడ్డప్పుడైతే ఇంకా ఘోరం. అది మెడ చాచి చెట్టుకొమ్మ అందుకుంటుంటే, "ఓలమ్మా! దీన్ని మా ఉద్దానం తోలుకెల్తే సెట్టెక్కే దింపుడోల్లకి పనుండదు. నిలబడే కాయిలన్నీ కోసేత్తాది!" అంది. నీలవేణి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పెళ్ళినాటి తర్వాత కూతురు అంత నవ్వడం తల్లి చూడలేదు. ఎండలో ఆ ముఖం, కొత్తగా చిగిర్చిన ఆకులా, చూస్తే భయం వేసేంత లేతగా ఉంది. ఆ పూటంతా గౌరమ్మకు చిన్నతల్లి గుర్తుకు రాలేదు.

సాయంత్రం గదికి తిరిగి వచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయి. అన్నం, చారు, పక్కన తెల్లగా పచ్చడి. గుమ్మం పక్కన రెండు కొబ్బరిచిప్పలు.

"అటుకులు తీద్దామని మూటిప్పితే కాయి దొరికింది, అత్తా!" కామేశ్వరమ్మ ముఖం వెలిగిపోతోంది. ఆమె ఊరు విడిచి వచ్చి ఏళ్ళయింది. "ఉద్దానం కాయి! ముక్కు కాడ ఎట్టుకుని ఎంతసేపు కూకున్నానో ఈయన్నడుగు. మా కోసరం మోసుకొచ్చేవా తల్లీ!"

నీలవేణి తల్లి వైపు చూసింది. గౌరమ్మ నోరు తెరిచింది. 'అది దేవుడి కాయ' అంటే, దేవుడి కాయ ఇక్కడికెందుకు వచ్చిందంటారు. పసుపుగుడ్డ ఎందుకు విప్పావంటారు. ఎదురుగా పోలారావు అప్పటికే ముద్ద కలిపి కళ్ళు మూసుకున్నాడు.

"మీ కోసరవే," అంది గౌరమ్మ.

ఆ మాట అన్నాక తినకుండా ఉండడానికి దారి లేదు. తింది. పచ్చడి బాగుంది. బాగుండడం ఆమెకు అన్నిటికంటే అవమానంగా తోచింది.

తిరుగు ప్రయాణంలో, అనుకున్నట్టే, ఒకరోజు ముందు బయలుదేరారు. ఖుర్దా రోడ్డు వస్తుంటే నీలవేణి మూట అందుకుంది.

"దిగుదామమ్మా. ఇంకో కాయ కొందాం. ఆవిడ పేరు చెప్పి కొడదాం."

"కొన్న కాయి తొలికాయవుద్దేటే?"

"పోనీ దణ్ణమైనా పెట్టుకుని పోదాం."

"ఏ మొకం పెట్టుకుని?"

గౌరమ్మ కదల్లేదు. దిగేవాళ్ళు దిగారు. నీలవేణి చాలాసేపు మూట పట్టుకునే నిలబడి, చివరికి కూర్చుంది. తల్లి ఏడవలేదు. ఒళ్ళో అరచేతులు తెరిచి పెట్టుకుని, వాటికేసి చూస్తూ కూర్చుంది.

పలాస నుంచి కొంత దూరం బండి దొరికింది, మిగతాది ఎండలో నడిచారు. దూరం నుంచే ఎవరో చూసి చెప్పినట్టున్నారు, ఊరి మొదట్లో చిన్నతల్లి ఎదురైంది. చేతిలో చెంబుతో నీళ్ళు. వెనక నలుగురూ ఉన్నారు. దడి పట్టుకుని చిన్నతల్లి కోడలు, ఏడోనెల కడుపుతో. పుణ్యక్షేత్రం వెళ్ళివచ్చినవాళ్ళ కాళ్ళు కడిగి మొక్కితే ఆ పుణ్యంలో పాలు దక్కుతుందని ఆ ఊళ్ళో నమ్మకం. ఆ సంగతి గౌరమ్మకు తెలియక కాదు. దారంతా దాన్నే తలుచుకోకుండా నడిచింది.

"కాల్లియ్యే గౌరీ."

"ఒద్దప్పా. నువ్వు పెద్దదానివి."

"పెద్దా లేదు, సిన్నా లేదు. నీకేటి మొక్కుతన్నాను? సామి కాడికెల్లిన కాల్లకి మొక్కుతన్నాను. అలాగ నిలబడు."

చిన్నతల్లి మోకాళ్ళను నొప్పితో ఒక్కొక్కటే వంచి ఇసుకలో కూర్చుంది. చెంబు వంచబోయింది. గౌరమ్మ నిప్పు తొక్కినట్టు కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఎల్లలేదప్పా."

"ఏటి?"

"నా కాల్లు ఆడికెల్లలేదు. కలకత్తా ఎల్లేం. సూడ్డానికెల్లేం."

"నేను తీసుకెల్లేను, పెద్దమ్మా," అంది నీలవేణి ముందుకు వచ్చి. "తప్పు నాది."

"దానికేటీ తెలీదు. అబద్దమాడింది నాను."

చిన్నతల్లి కింద నుంచే చూస్తోంది. "కాయి ఏదే?"

గౌరమ్మ నడుము నుంచి పసుపుగుడ్డ తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. ఇవ్వడానికి అంతకంటే ఏమీ లేదు. "తినేసేం. మావోల్లు తెలీక పచ్చడి సేసేరు. నాను తెలిసే తిన్నాను."

గుంపులోంచి ఒక మగగొంతు లేచింది. "సరదా కావాల్సొచ్చిందేటి తల్లీకూతుల్లకి!"

"నోర్ముయ్యరా," అంది చిన్నతల్లి, అటు తిరక్కుండానే. గుడ్డ అందుకుని మడత విప్పి చూసింది, లోపల ఇంకా ఏమైనా ఉందేమోనన్నట్టు. దడి దగ్గర కోడలి చెయ్యి మెల్లగా కడుపు మీదికి వెళ్ళింది. గౌరమ్మ అది చూసింది.

"తియ్యగుందా?" అంది చిన్నతల్లి.

"అప్పా!"

"అడుగుతన్నాను. నానేటి రుసి సూసేనా? తియ్యగుందా?"

"... ఉంది."

"ఇసకనేల. తియ్యగానే ఉంటాది." గుడ్డ తిరిగి మడిచింది. "మరి నీలేణి? ఆడ నవ్విందా?"

"నవ్వింది." అంది గౌరమ్మ. "నానూ నవ్వేను."

చిన్నతల్లి ఇసుకలో చెయ్యి ఆనించి లేచింది. ఎవరూ సాయం పట్టలేదు, ఆమె పట్టనివ్వలేదు కూడా. లేచి, చెంబు గౌరమ్మకు అందించింది.

"తాగు. ఎండలో నడిసొచ్చేవు."

కాళ్ళు కడగడానికి తెచ్చిన నీళ్ళు. గౌరమ్మ రెండు చేతులతో చెంబు పట్టుకుని, అందరూ చూస్తుండగా, తాగింది. దాహం వేసి ఉంది. ఒక్క చుక్క మిగల్చకుండా తాగవలసి వచ్చింది.

ఆషాఢంలో చిన్నతల్లి కోడలికి ఆడపిల్ల పుట్టింది. నిలిచింది. ఊరంతా ఆ పిల్లను ఎత్తుకు తిప్పింది. నీలవేణి టెక్కలి నుంచి వచ్చినప్పుడల్లా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ట్రాము గంట చప్పుడు నోటితో చేసి వినిపించేది. గౌరమ్మ మాత్రం ఎత్తుకోలేదు. ఎవరైనా అందించబోతే, చేతులకి పీచుందమ్మా, గుచ్చుకుంటాది అనేది. ఆ పిల్ల నడక నేర్చి, ఒకరోజు తనంతట తానే వచ్చి, తాడు పేనుతున్న గౌరమ్మ మోకాలు పట్టుకుని నిలబడింది. గౌరమ్మ చేతులు పక్కకు తీసి, కదలకుండా కూర్చుంది. పిల్ల విసుగెత్తి వెళ్ళిపోయేదాకా.