తెరకు కొట్టిన మందు

నడుము పడిపోయింది, అయినా ఈ సంతోషం తోటి రైతులు మీకు చెప్పకుండా పడుకోలేను. రేపు మా అమ్మాయి మొదటిసారి నాటకం ఆడిస్తోంది. తెరలకు నిప్పంటుకోని మందు పట్టిస్తేనే హాలు ఇస్తామన్నారు. వెలిగారం, బోరిక్ పౌడరు వేడినీళ్లలో కరిగించి, వేరుశెనగకు మందు కొట్టే పంపు కడిగి వీపుకు తగిలించుకుని, పొద్దుటినుంచి తెరలు తడుపుతూనే ఉన్నాను. సాయంత్రం హాలు మేనేజరు వచ్చి నవ్వాడు.

"ఏమప్పా పెద్దాయనా, చేనికి కొట్టే పంపుతో తెరకు కొడతాండావే?"

"ఈ ఏడు వాన యాడ పడిందప్పా, చేనికి కొట్టేకి?"

ముందుగా ఆరిన దర్బారు తెర అంచుకు ఆయన అగ్గిపుల్ల పెట్టాడు. అంచు నల్లబడింది గానీ మంట అంటుకోలేదు. హాలు తాళం మా అమ్మాయి చేతికిచ్చాడు.

"నాయనా, ఇంగన్నా ఆ పంపు దించు" అంది అమ్మాయి.

చూసుకుంటే అది ఇంకా నా వీపునే ఉంది. ఈ ఏడు దానికి దొరికిన పని ఇదొక్కటే. మీ పంపులు ఏం చేస్తున్నాయో మీరూ రాయండి.