ఏరు దాటిన కుట్టుమిషను

ఒక్క పూటలో, ఒక్క ఆటోలో తిరిగి ఓ ఎన్నికని ఎంత నాశనం చేయవచ్చో మీకిప్పుడు చెబుతాను. చేసిన మహానుభావుణ్ణి నేనే. నవ్వుకోండి, ఫరవాలేదు. మా సింహాచలం మావ ఎదురుగా మాత్రం నవ్వకండి.

మావ మా అమ్మకి తమ్ముడు, కొత్తవలసలో టైలరు. రోడ్డు మీద గోతులు పూడ్చమని తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి తనే ఎమ్మెల్యేకి స్వతంత్రంగా నిలబడ్డాడు. గుర్తు కుట్టుమిషను. గెలుస్తానన్న భ్రమ ఆయనకి లేదు. "డిపాజిట్టు దక్కితే సాల్రా. అది పోతే బజార్లో తలెత్తుకోలేను" అనేవాడు.

నేనప్పుడే డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. మా నియోజకవర్గం చరిత్ర నా అంత బాగా తెలిసినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఏ ఊరు ఎటు మొగ్గుతుందో మా తాత చెప్పిందంతా నాకు నోటికి వచ్చు. ఇప్పుడు లేని ఉత్తరాపల్లి నియోజకవర్గం ఉన్న రోజుల నుంచి మొదలుపెట్టానంటే టీకొట్టు బల్లలు ఖాళీ అయిపోయేవి.

ప్రచారం ఆఖరి రోజున మావ అడిగాడు. "ఒరే అల్లుడా, ఈ పూటే మిగిలున్నాది. ఎటెల్దాం సెప్పు."

"జామి మండలం ఎల్దాం మావా. ఏరు దాటాక ఓ ఊరున్నాది. ఆ ఊరు ఎటేస్తే గెలుపు అటేనని తాత సెప్పీవోడు."

అత్త అడ్డుపడింది. "అంత దూరవెందుకు? మన బజార్లో తిరగండి. తెలిసినోళ్ల ఓట్లైనా పడతాయి."

"నీకు సరిత్ర తెలీదత్తా! నా మాట తప్పయితే మావ కత్తెరతో నా సెవి కత్తిరించీ."

చదువుకున్నవాణ్ణని పాపం నమ్మేశారు. ఆటో మీద కుట్టుమిషను కట్టుకుని బయల్దేరాం.

ఆ ఊళ్లో మాకు జరిగిన మర్యాద పెళ్లికొడుక్కి కూడా జరగదు. హారతిచ్చారు. చోడి అంబలి పోశారు. నేను మైకు పట్టుకుని వాళ్ల ఊరి ఓటు మహిమంతా ఏకరువు పెట్టాను. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. మావకి ఉత్సాహం ఆగక, మిషను దింపించి చిరిగిన చొక్కాలన్నీ కుట్టడం మొదలుపెట్టాడు. ఆ పూటకి ఆ ఊళ్లో చిరిగిన బట్ట మిగల్లేదు.

మైకు కట్టేసే వేళకి అప్పలనర్సమ్మ అనే ముసలమ్మ ఓ ఆనపకాయ తెచ్చి మావ చేతిలో పెట్టింది.

"నీలాటి మంచోడికి ఓటెయ్యలేకపోతన్నాం, బాబూ."

"అదేటమ్మా?"

"మా ఓట్లు గజపతినగరం ఎమ్మెల్యేకి కదేటి! మా మండలాన్ని రెండు ముక్కలు సేసీసి శానా కాలవయ్యింది. మీ ముక్క ఏటికవతలే అయిపోనాది."

మిషను ఆగిపోయింది. మావ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"మరి వొచ్చినప్పుడే సెప్పొచ్చు గదమ్మా?"

"సెబుదావనే అనుకున్నాం. మీ అల్లుడు మా ఊరి గురించి మాకే తెలీని సంగతులు సెప్తన్నాడు. ఆపబుద్ధి కాలేదు. పైగా నా మనవడి నిక్కరు నీ మిషను మీదున్నాది."

దారంతా మావ ఆనపకాయ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఫలితాల రోజున డిపాజిట్టు పోయింది. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. మావ కొట్టు ముందు నుంచి నడవడానికి మొహం చెల్లక సందుల్లోంచి తిరిగేవాణ్ణి.

చివరికి మావే కబురంపాడు. వెళ్లి చూస్తే కొట్టు నిండా కొత్తబట్టలు. మావ మొహం వెలిగిపోతోంది.

"ఓటెయ్యలేకపోయామని ఆ ఊరోళ్లు పెళ్లిబట్టలన్నీ నాకే తెచ్చీసినారు. వొచ్చేసారి గజపతినగరంలోనే నిలబడతాన్రా!"

"బాగుంది మావా! ఏయే ఊళ్లు తిరగాలో నాను..."

మావ కత్తెర తీశాడు. "నోర్ముయ్. నువ్వు దారి సూపిస్తే ఈపాలి ఒడిశాలో ఓట్లడుగుతాం."

ఆ క్షణమే ఒక చెయ్యి కుట్టుమిషను మీద వేసి, రెండో చేత్తో చెవి మూసుకుని ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ఊరి ఓటు చరిత్రా చెప్పను. చెప్పక తప్పకపోతే, ముందు ఆ ఊరి ముసలమ్మని వెతికి "మీ ఓటెక్కడ, అమ్మా?" అని అడిగాకే మైకు ముట్టుకుంటాను.