చేపలకు డాక్టరాంటీ పెట్టిన పథ్యం

ఆ రోజుల్లో లోకంలో ఎవరికి ఆకలేసినా దానికి నేనే జవాబుదారీ అనుకునేదాన్ని. బడి మొహం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. ప్రార్థన చెయ్యకుండా ముద్ద ముట్టకూడదనీ, పక్కవాళ్ళకి పెట్టకుండా మనం తినకూడదనీ రెండు పాఠాలు మాత్రం గట్టిగా ఒంటబట్టాయి. (లెక్కలు అంతగా ఒంటబట్టలేదు.) దేవుడి దయవల్ల, ఈ పరాయిదేశంలో మేముండే బాతెల్ ఊళ్ళో, మా చర్చికి వచ్చే పళ్ళ డాక్టరాంటీ తన క్లినిక్‌లో నాకు ఫ్రంట్ డెస్క్ ఉద్యోగం ఇచ్చింది. దాంతోపాటు వెయిటింగ్ రూమ్‌లోని ఉప్పునీళ్ళ అక్వేరియం బాధ్యత కూడా. అది ఇడ్లీ కుక్కరుకి పెద్దన్నయ్యంత ఉండేది. అందులో నారింజరంగు చేపలు రెండు, ఊదారంగు పగడపు మొక్క ఒకటి. (పగడం మొక్క కాదు, ప్రాణి అని తర్వాత తెలిసింది. అప్పటికే దాన్ని నా ప్రార్థనలో చేర్చేశాను కాబట్టి నష్టం లేదు.)

నేను చేరిన కొన్నాళ్ళకే ఆ పగడం గోధుమరంగుకి తిరిగింది. అద్దాలకి పచ్చటి నాచు జుట్టులా మొలిచింది. గాజుగొట్టంలో ఆ నీళ్ళు పోసి, పరీక్ష మందు చుక్కలు వేస్తే సిరాలా నీలంగా మారాయి. నాచుకి మేతలా పనికొచ్చే ఫాస్ఫేట్ నీళ్ళలో ఎంత ఎక్కువుంటే అంత నీలమట. డాక్టరాంటీ కళ్ళద్దాలు సర్దుకుని, "చూడమ్మా, పేషెంట్ల ముందు ఈ మురికేంటి? నెలాఖరులోపు క్లీన్ అవకపోతే మొత్తం షాప్‌కి ఇచ్చేస్తా" అంది. నేను వెంటనే బకెట్ అందుకున్నాను. పొద్దున్నే తలుపు తియ్యగానే అద్దం దగ్గరికి ఈదుకొచ్చి నన్ను పలకరించేవి ఆ రెండు చేపలే మరి.

శుద్ధిచేసిన నీళ్ళలో ఉప్పు కలిపి పాత నీళ్ళు మార్చాను. ఫాస్ఫేట్‌ని పీల్చుకునే తుప్పురంగు గుళికల సంచి అక్వేరియం వెనక అరలో పెట్టబోతే, అక్కడ అప్పటికే పంపూ హీటరూ కాపురముంటున్నాయి, మూడోవాళ్ళకి చోటు లేదు. అయినా కుక్కాను. నీళ్ళ దారి మూసుకుపోయి పంపు గురక పెట్టింది. సంచి చిన్నది చేశాక నీలం తగ్గింది గానీ, వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది.

ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ తలెత్తి చూద్దును కదా, చెంప మొద్దుబారిన ఒక అంకుల్ చేపల మేత డబ్బా పట్టుకుని నిలబడ్డారు. "ఏం చేస్తున్నారంకుల్?" అన్నాను. "మత్తు దిగేదాకా ఏమీ తినొద్దంది మీ డాక్టరు. మనకెలాగూ లేదు, పాపం వీళ్ళయినా తింటారని" అన్నారు వంకర మూతితో. పక్కనే ఆయన భార్య, "ఇందాక నేనూ వేశానండీ, చాల్లేదు. చూడండి, నోళ్ళు తెరుస్తున్నాయి" అంది. (చేపలు నోళ్ళు తెరవక ఏం చేస్తాయి!) అప్పుడర్థమైంది. మా పేషెంట్లలో సగంమంది మన తెలుగువాళ్ళే. పస్తున్న ప్రతివాళ్ళూ చేపలకి వడ్డిస్తున్నారు. లంచ్ డబ్బా తెరిచేముందు నేనూ ఓ చిటికెడు వేస్తూనే ఉన్నాను. తినగా మిగిలిందంతా కుళ్ళి ఫాస్ఫేట్ అవుతోంది.

డబ్బా దాచేశాను. ఒక ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జంతిక తీసి విరవబోయింది. "కారం లేదులేమ్మా, వాము వేసిందే." చేపలు తిన్నాయని కాగితం అంటించాను. "తిన్నవాళ్ళకి మారు వడ్డించమా ఏంటి?" అంది అదే ఆంటీ.

ఇక దారిలేక డాక్టరాంటీకి చెప్పాను. పడీపడీ నవ్వి, పెద్ద కాగితం మీద రాసిచ్చింది: 'డాక్టరు ఆజ్ఞ. వీళ్ళు రేపటిదాకా ఏమీ తినకూడదు.' "అబద్ధం కాదా ఆంటీ?" అన్నాను భయంగా. "డాక్టర్ని నేనే, ఆజ్ఞా నాదే. అబద్ధం ఎక్కడుందే పిచ్చి మొహమా!"

జంతికల ఆంటీ మళ్ళీ వచ్చినప్పుడు అది చదివి, బ్యాగ్ మూసేసి, "అయ్యో, వీళ్ళక్కూడా రూట్ కెనాలా తల్లీ!" అని చేపల పక్కనే తోడుగా కూర్చుంది. నేను భక్తిగా అపాయింట్‌మెంట్ల పుస్తకం తిరగేశాను. రోజూ క్లినిక్ తెరవకముందే వాటికి చిటికెడు మేత వేసేదాన్ని. కాగితంలోని ఆ రేపు ఎప్పుడొస్తుందని ఒక్కరూ అడగలేదు.

నెలాఖరున గాజుగొట్టం కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే, నీలం ఉందా లేదా అన్నట్టుంది. డాక్టరాంటీ కూడా వంగి చూసి, "సరే, ఉండనీలే" అని లోపలికెళ్ళింది. నేను అక్కడే కళ్ళు మూసుకుని దేవుడికి థాంక్స్ చెప్పడం మొదలుపెట్టాను. డెస్క్ మీద ఫోన్ మోగి మోగి ఆగిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. రెండు చేపల కోసం అంత ప్రార్థనా అని ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడూ ప్రార్థన చేస్తాను గానీ, మధ్యలో ఫోన్ మోగితే మొదటి రింగుకే వినపడుతుంది. వినపడని ఆ పిల్లని, ఆనాటి నన్ను, తలుచుకుంటే కాస్త అసూయగా ఉంటుంది.