రెంటచింతల రేసు కారుకు ఆయిల్ సిలిండర్ బిగించిన రోజు

జోజిరెడ్డి రేసు కారుకు అప్పటికే రెండు ఇంజన్లు పోయాయి. మూడోది కూడా పోతే కారు అమ్మెయ్యాల్సిందేనని అతని భార్య శౌరమ్మ తేల్చి చెప్పింది. ఆ మూడో ఇంజన్‌ను కాపాడే పని మీద శనివారం ఉదయం నరసరావుపేట నుంచి రెంటచింతల బయలుదేరాను. నేను పేటలో ఆటో ఎలక్ట్రీషియన్ని. ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లకు, లారీలకు వైరింగు చేస్తున్నాను గాని, రేసు కారు మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదలు. కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఐదూ నలభైకి మాచర్ల బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు గాని, నా ఒళ్లో ఉన్న అల్యూమినియం సిలిండర్ చూసి ఆగిపోయాడు.

"ఏందక్కా ఇది, గ్యాసా? బస్సులో కుదరదు."

"ఖాళీది తమ్ముడూ. ఇంజన్ ఆయిలు దాచిపెట్టుకునేది," అని మూత తీసి చూపించాను.

పక్క సీటు పెద్దాయన వంగి చూశాడు. గురజాలలో ట్రాక్టరుతో నీళ్ల ట్యాంకరు తోలుతాడట. "ఇంజన్లో ఆయిలు ఉండనే ఉందిగా. మళ్లా దాచేదెందుకు?"

"పందెంలో కారు ఒక్క దూకు దూకిందంటే అడుగునున్న ఆయిలంతా వెనక్కి పోద్ది బాబాయ్. పంపుకు గాలే మిగులుద్ది. ఆ రెండు క్షణాలు ఇది ఆయిలు అందిస్తది."

"ట్యాంకరులో నీళ్లు సగమే ఉంటే ఇట్టాగే ముందుకీ వెనక్కీ కొడతయ్యిలే," అని తలూపాడు.

పిడుగురాళ్లలో బస్సు పది నిమిషాలు ఆగింది. వేడి వేడి ఇడ్లీ, టీ. ఎనిమిదింబావుకు రెంటచింతలలో దిగేసరికే ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. జోజిరెడ్డి బైకు మీద వచ్చి షెడ్డుకు తీసుకెళ్లాడు. మిరప రైతు, నలభై దాటినా పందెం మాటెత్తితే కళ్లు మెరుస్తాయి. శౌరమ్మ మజ్జిగ ఇచ్చి సూటిగా అడిగింది: "ఈయన మాట కాదు, నువ్వు చెప్పు పద్మక్కా. ఈ ఇంజనన్నా నిలబడుద్దా?"

"సాయంత్రం చెప్తా," అన్నాను. అంతకంటే ధైర్యంగా అనలేకపోయాను.

డ్రైవరు పక్క సీటు తీసేసిన చోట సిలిండర్ బిగించాం. దాని మూతి దగ్గర కరెంటుతో తెరుచుకునే వాల్వు, అక్కణ్ణుంచి ఇంజన్‌కు గొట్టం. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి వాల్వుకు వైరు లాగాను. తాళం తిప్పగానే వాల్వు తెరుచుకునేలా కలపమన్నాడు జోజిరెడ్డి. నేను ఒప్పుకోలేదు.

"వేరే స్విచ్ పెడతా. ఇంజన్ ఆపబోయే ముందు యాక్సిలరేటరు తొక్కి రేసిచ్చి, ప్రెషరు బాగా ఉన్నప్పుడే వాల్వు మూసెయ్యాలి. అప్పుడే మళ్లీ స్టార్టు చేసేటప్పటికి సిలిండర్లో ఆ ప్రెషరు నిలిచి ఉంటది."

"తొందర్లో మర్చిపోతానక్కా."

"మర్చిపోతే ఈ ఇంజన్‌ని కూడా మర్చిపో."

పదకొండున్నరకు స్విచ్ వేశాం. వాల్వు టక్‌మనాలి. చప్పుడే లేదు. శౌరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఫ్యూజు చూశాను, రిలే చూశాను, టెస్టరు పెట్టి వైరు పొడవునా వెతికాను. చివరికి దొరికింది. ఎర్తు వైరును పెయింటు మీదే బిగించాను. తప్పు నాదే. పెయింటు గీకి ఇనుము తేలాక బిగించి స్విచ్ వేస్తే, టక్!

సిలిండర్ తాగే ఆయిలు లెక్కన ఇంకో రెండు లీటర్లు పోసి స్టార్టు చేశాం. సిలిండర్ నిండింది. రేసిచ్చి, వాల్వు మూసి, ఇంజన్ ఆపాం. ఇప్పుడు అసలు పరీక్ష. ఆగిన ఇంజన్ మీద స్విచ్ వేశాను. ఆయిలు ప్రెషరు మీటరు ముల్లు సున్నా నుంచి యాభైకి లేచింది. "ఇంజన్ తిరక్కుండానే ప్రెషరు!" అని జోజిరెడ్డి గంతేశాడు. నేనూ ఈల వేశాను, నా వయసు మర్చిపోయి.

మూడున్నరకు ముగ్గురం ఊరి బయట పందెం జరిగే ప్రైవేటు ట్రాక్ దగ్గరున్నాం. నా ఫోన్‌ను మీటరుకు ఎదురుగా కట్టి వీడియో ఆన్ చేశాను. పచ్చ లైటు పడగానే కారు ముక్కు పైకెత్తి దూకింది. పొగ, రబ్బరు వాసన, చెవులు గింగురుమన్నాయి. పోటీకి పక్కన నిలిచిన గుంటూరు కారు వెంట్రుకవాసి తేడాతో గెలిచింది. ఓడిపోయిన జోజిరెడ్డి మాత్రం నవ్వుకుంటూ వెనక్కి వచ్చి, ముందు రేసిచ్చి, వాల్వు మూసి, తర్వాతే ఇంజన్ ఆపాడు.

కాస్త చల్లారాక శౌరమ్మ ఇంజన్ నుంచి గరిటెడు ఆయిలు స్టీలు పళ్లెంలోకి తీయించింది. పోయిన రెండుసార్లూ ఇంజన్ లోపల అరిగి ఆయిల్లో ఇత్తడి పొడిలాంటి మెరుపు తేలడం మొదట చూసింది ఆమేనట. పళ్లెం ఎండలోకి వంచి చూసింది. వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"మెరుపు లేదు," అంది. చెయ్యి గుడ్డకు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "మళ్లా పందెం ఎప్పుడంటన్నారు?"

జోజిరెడ్డి గబగబా ఫోన్ తీసి తారీఖు వెతికాడు.

ఆరు గంటల బస్సులో కిటికీ సీటు దొరికింది. ఈ దారిన వెళ్లేవాళ్లు పొద్దుటి బస్సే పట్టుకోండి, నీళ్ల సీసా మర్చిపోవద్దు. గురజాల దాటాక ఫోన్లో ఆ వీడియో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. కారు దూకగానే ముల్లు అరవై నుంచి నలభైకి జారుతుంది, ఒక్కసారి వణుకుతుంది, మళ్లీ పైకి వెళ్తుంది. ఇదివరకు అక్కడ సున్నాకు పడిపోయేదట. నేను నాలుగోసారి చూస్తుంటే పక్కనున్నామె ఆపుకోలేక అడిగింది.

"ఏందమ్మా అంతసేపు చూస్తన్నావు? ఉత్త ముల్లేగా."

"అవును, ముల్లే," అన్నాను. "ఇక్కడ చూడు. పడబోయి, ఎట్టా లేస్తందో!"

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఐదోసారి ఇద్దరం కలిసి చూశాం.