నాయన క్యారియర్

మా కుక్క మేత సంచి మీద ఎంత బరువుకు ఎంత పెట్టాలో అచ్చువేసి ఉంటుంది. అది చూసినప్పుడల్లా కొమరోలులో చిన్నప్పటి మా పెరడు గుర్తొస్తుంది.

అప్పుడు నాయన గిద్దలూరు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆయన కోలుకోవాలని ఇంట్లో అందరం ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. నీనెవె పట్టణంలో పశువులు కూడా ఉపవాసం ఉంటే దేవుడు కనికరించాడని సండే స్కూల్లో విన్నాను. అందుకే, ఈనిన మా కుక్కకు పొద్దుటి నుంచి ఏమీ పెట్టలేదు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి మామ ఫోన్ చేశాడు. అమ్మ విని పెట్టేసింది. ఆస్పత్రికి సర్దిన క్యారియర్ పక్కనే కూర్చుండిపోయింది. కుక్క ఖాళీ గిన్నె నాకుతోంది.

“పిల్లల తల్లికి ఉపవాసమేందే? కూడు పెట్టు.”

“ఎంత పెట్టాలమా?”

“ఆ క్యారియర్లో ఉండేదంతా పెట్టు.”

“మరి నాయనకో?”

“పెట్టు పోవే.”

కుక్క ఆబగా తింది. ఆస్పత్రికి కూడు అక్కర్లేదంటే నాయన ఇంటికి వస్తున్నాడని, దేవుడు నా ప్రార్థన విన్నాడని అనుకున్నాను. చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, రోడ్డు మీద ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఇప్పటికీ శుక్రవారాలు ఉపవాసముంటాను. కుక్కకు మాత్రం ముందే పెడతాను, కొలత చూడకుండా.