మేం టేలర్లం అయిపోయిన ఏడాది

నా చిన్నప్పుడు, మేం వలస వచ్చిన మనురేవా ఊళ్ళో, వంటింటి బల్ల మీద లావుపాటి ఫోన్ బుక్కు తెరిచి నాన్న వేలితో పేర్లు వెతుకుతున్నారు... నేను పక్కన కూర్చుని పాలు తాగుతున్నాను. పేజీలకి పేజీలు టేలర్లే.

"వీళ్ళంతా చుట్టాలా నాన్నా?"

"కాదమ్మా. ఇంగ్లండులో ఒకప్పుడు ఊరూరా బట్టలు కుట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ పనే ఇంటిపేరైపోయింది. అందుకే ఇంతమంది."

మా ఇంటిపేరు చింతలచెరువు. గుంటూరులో నాన్న సివిల్ ఇంజినీరు. ఇక్కడికొచ్చి రెండేళ్ళయినా సూపర్ మార్కెట్లో అరలు సర్దుతున్నారు. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఒక్క పిలుపూ లేదు. తెలిసిన అంకుల్ ఒకాయన "నీ పేరు పలకలేకే పక్కన పడేస్తున్నారయ్యా, మార్చెయ్" అన్నారట.

కొన్నాళ్ళకి మేం ముగ్గురం టేలర్లం అయిపోయాం... కాగితాల మీద సంతకం పెట్టిన రోజు అమ్మ అన్నం తినలేదు. "పెళ్ళికి ఒకసారి మార్చుకున్నాను. మళ్ళీ మార్చుకోవాల్సొస్తుందనుకోలేదు" అంది.

అదే టర్మ్‌లో స్కూల్లో చార్టు చేయమన్నారు... మీ ఇంటిపేరు ఎక్కడిది అని. క్లాసులో ఇంకో టేలర్ ఉండేది, ఎమ్మా. వాళ్ళ తాతల తాత కత్తెర పట్టుకుని ఓడలో వచ్చాడట. ఫోటో కూడా తెచ్చింది.

ఫోన్ బుక్కులోంచి వచ్చిందని నేనెలా రాయను? కుట్టుమిషను బొమ్మ వేసి, కింద 'మా తాతగారు టైలర్' అని రాసేశాను.

పేరెంట్స్‌ని పిలిచిన సాయంత్రం నాన్న మా చార్టులు అంటించిన గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. టీచర్ వచ్చి "లవ్లీ చార్ట్, మిస్టర్ టేలర్!" అంటే తలూపారు.

కారెక్కాక, నావైపు చూడకుండా అన్నారు... "మీ తాతగారు తెలుగు మాస్టారమ్మా."

నాకు ఏడుపొచ్చేసింది. "తప్పు నీది కాదులే" అన్నారు. కారు స్టార్ట్ చేశారు.

పేరు మార్చాక పిలుపులైతే వచ్చాయి. తీరా వెళ్తే, రిసెప్షన్ అమ్మాయి ఆయన్ని దాటి వెనక ఎవరున్నారా అని చూస్తూ "మిస్టర్ టేలర్?" అనేదట. "నేనే" అని లేచి నిలబడేవారు... పది నిమిషాల్లో బయటికొచ్చేసేవారు. చివరికి ఆ అరలు సర్దుతూనే రిటైరయ్యారు.

పోయిన ఏడాది నాన్న వెళ్ళిపోయారు. కర్మ చేయించడానికి వచ్చిన పంతులుగారు గోత్రం, ఇంటిపేరు అడిగారు. గోత్రం అమ్మ చెప్పింది. ఇంటిపేరు నేను చెప్పబోయి, "చింతల..." దగ్గర ఆగిపోయాను. నోరు తిరగలేదు. సొంత ఇంటిపేరు... నాన్న ఫోటో ముందు.

ఇప్పుడు మేముండే ఫ్లాట్ బుష్‌లో, మా పాప స్కూల్లో, ఎంత పొడుగు పేరైనా టీచర్లే రెండుసార్లు అడిగి నేర్చుకుంటున్నారు. "మళ్ళీ పాత పేరు పెట్టేసుకోవచ్చు కదా" అంటారు ఫ్రెండ్స్. పెట్టుకుని ఎవరికి చూపించను?

మీ ఇంటిపేరు ఇంకా మీ దగ్గరే ఉందా? ఉంటే అది ఏ ఊరిదో, ఎలా వచ్చిందో కింద రాయండి... ఒక్కోటి పైకి చదువుకుంటాను.