ముప్ఫై ఏడు ఫారాలు, ఒకే నెంబరు

మా కాలేజీలో చదివినవాళ్లలో కనకరత్నం గారిని ఎరగనివాళ్లు లేరు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అడ్మిషన్ల కౌంటరు వెనక ఇరవై ఏడేళ్లు కూర్చున్నారు. వాళ్ల నాన్న రాజోలు వైపు నుంచి పోర్టులో కళాసీ పనికి వచ్చి మల్కాపురంలో ఉండిపోయాడు. ఆవిడ భర్త కూడా పోర్టులోనే క్రేను నడుపుతూ, రిటైరవకుండానే గుండెపోటుతో పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్లయి గాజువాకలో ఉంటోంది.

కౌంటరు మీద ఆవిడ సొంత డబ్బుతో కొన్న గమ్ముసీసా, కత్తెర, స్టాప్లరు ఉండేవి. ఫారం నింపడం రాని పిల్లల్ని లోపలికి పిలిచి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవారు. "పదో తరగతి సర్టిఫికెట్లో మీ అమ్మ పేరు తప్పు పడింది చూశావా? ఇప్పుడే దిద్దించుకో. ఉద్యోగం వచ్చాక ఏడుస్తావు" అని కసిరేవారు. ఆ కసురు అలవాటైపోయి, డిగ్రీ అయిపోయాక కూడా పిల్లలు ఆవిడకి మిఠాయి పొట్లాలు తెచ్చి ఇచ్చేవాళ్లు.

నా పేరు సాయిశంకర్. అదే కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. అప్పటికి కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి. ఆవిడకి జరిగినదాంట్లో నా చెయ్యి ఉంది. అందుకే ఇది నేను చెప్పాల్సి వస్తోంది.

2020 జూన్ నెలాఖరులో, కాలేజీకి తాళం పడి మూడు నెలలు దాటాక, పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తి గారికి ఉత్తరం వచ్చింది. కరోనా వల్ల ఇల్లు గడవని రెండు వందల మంది విద్యార్థులకి తలా అయిదు వేలు ఇస్తామన్నారు. డబ్బు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలో పడాలి, దరఖాస్తులు ఆన్‌లైన్లోనే తీసుకోవాలి. దానికి ఒక కమిటీ వేశారు. ప్రిన్సిపాల్ గారు, కామర్స్ హెడ్ వెంకటేష్ గారు, నేను. ఫారం తయారుచేసే పని నాది.

శ్రద్ధగానే చేశాను. ఫోన్ నెంబరు, ఆధార్, పాస్‌బుక్ ఫొటో అడిగాను. చివర్లో, 'మీ కుటుంబ కష్టాన్ని ఇంగ్లీషులో వంద మాటల్లో రాయండి' అని ఒక పెట్టె పెట్టాను. అది దాతలు కోరిందే, చదివి చూస్తారట. ఒకే మనిషి రెండుసార్లు డబ్బు తీసుకోకుండా, ఒకే నెంబరుతో రెండో ఫారం వస్తే రెండిటికీ ఎర్రరంగు పడేట్టు కూడా చేశాను. ఆ సంగతి ఫారం నింపేవాళ్లకి కనబడదు.

ఆ ఫారాన్ని అందరికన్నా ముందు కనకరత్నం గారికే చూపించాను. కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని, ఫోన్ని దగ్గరగా పట్టుకుని చదివారు.

"బానే ఉంది శంకర్ బాబూ. ఫోన్లున్న పిల్లలకి. మరి లేనివాళ్లో?"

"ఎవరినన్నా అడిగి నింపుకుంటారు లెండి మేడమ్."

ఆవిడ అడ్మిషన్ రిజిస్టరు తీసి, తండ్రి పనిని బట్టి పేర్లు ఏరుకుంటూ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. సగం నెంబర్లు పలకలేదు. రీచార్జి లేక ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయిన నెంబర్లవి. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్నే స్కూటీ తీశారు.

అప్పట్లో వీధి వీధికీ వెదురుబొంగులు అడ్డంగా కట్టి ఉండేవి. యాభై ఆరేళ్ల మనిషి, షుగరుంది. కాలేజీ గుర్తింపు కార్డు మెళ్లో వేసుకుని, పోలీసుల్ని బతిమాలుకుంటూ మల్కాపురం సందులూ హార్బరు వెనక కాలనీలూ వారం రోజులు తిరిగారు. ముప్ఫై ఏడు మందిని పట్టుకున్నారు. వాళ్ల ఆధార్లూ పాస్‌బుక్కులూ తీసుకుని సంచిలో వేసుకున్నారు.

ఆ ముప్ఫై ఏడు మందిలో ధనశ్రీ ఒకతె. బీకాం రెండో ఏడు. తండ్రి బోటు మీద కూలికి వెళ్తాడు. తల్లి చిలకమ్మ ఫిషింగ్ హార్బర్లో వేలం పాటలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని అపార్టుమెంట్ల చుట్టూ తిరిగి అమ్ముతుంది. ఆ రోజుల్లో ఆమెని ఏ వాచ్‌మనూ గేటు దగ్గరికి రానివ్వలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బియ్యం కోసం తాకట్టు పెట్టేశారు. కనకరత్నం గారు గుమ్మంలో నిలబడి సంగతి చెప్తే చిలకమ్మ ముందు నమ్మలేదు.

"ఊరికే ఎవులిత్తారమ్మా అయిదేలు?"

"ఊరికే కాదు, చదువుకుంటున్నందుకు. నీ కూతురు బ్యాంకులోనే పడతాయి. నా చేతికి రావు."

పెట్టెలోంచి పాస్‌బుక్కు తీసి ఇచ్చింది చిలకమ్మ. "మా పాప సదువు నీ సేతిలో పెడతన్నానమ్మా" అంది.

నాలుగు మధ్యాహ్నాలు ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని ఆవిడ ఆ ఫారాలన్నీ నింపారు. ఫోన్ నెంబరు లేకపోతే ఫారం ముందుకు జరగదు. పిల్లలకి నెంబర్లు లేవు. తన నెంబరే వేశారు. ఇంగ్లీషు పేరా ఒకటే కష్టపడి రాసుకుని, తండ్రి చేసే పని మాత్రం మారుస్తూ ముప్ఫై ఏడు చోట్లా అదే పెట్టారు.

గడువు అయిపోయిన రోజు నేను పట్టిక తెరిచాను. ముప్ఫై ఏడు వరసలు ఎర్రగా ఉన్నాయి. ఆ నెంబరు ఎవరిదో వెతకక్కర్లేదు, నా ఫోన్లో ఆవిడ పేరుతో ఉంది. ఆవిడ ఎక్కడెక్కడ తిరిగారో కూడా నాకు తెలుసు. ఒక రోజు పెట్రోలు అయిపోతే నా బండిలోంచి తీసి పోసింది నేనే.

కమిటీ కూర్చుంది. వెంకటేష్ గారు కాగితాలు తిరగేసి, "ఒకే నెంబరు, ఒకే పేరా. ఎవడో బ్రోకరు పనండీ ఇది. పిల్లల దగ్గర సగం కొట్టేస్తాడు" అన్నారు.

"ఎవరి నెంబరది?" అని ప్రిన్సిపాల్ గారు నన్ను అడిగారు.

"కనకరత్నం మేడమ్‌ది సార్" అన్నాను.

అంతవరకే అన్నాను. మిగతాది కూడా చెప్పాల్సింది. ఆ పై వారమే నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ బల్ల మీదికే రావాలి. బ్రోకరు అన్న మాట పక్కనే నా పేరు కూడా వినబడుతుందేమోనని నోరు కట్టేసుకున్నాను.

ఆవిడని పిలిపించారు. సంచీతో సహా వచ్చి, పాస్‌బుక్కుల జిరాక్సులన్నీ బల్ల మీద పరిచారు.

"చూడండి సార్, ఖాతాలు పిల్లల పేరు మీదే ఉన్నాయి. నెంబరు మాత్రమే నాది. వాళ్లకి ఫోన్లు లేవు, అందుకని వేశాను."

"మీరు తిన్నారని మేమనట్లేదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "రేపు దాతల వైపు ఆడిటరు అడిగితే నేనేం చెప్పాలి? ఒకే నెంబరు మీద లక్షా ఎనభై అయిదు వేలు వెళ్లిందంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"వాళ్లని పిలిచి అడగండి సార్. లేదా నాతో రండి, చూపిస్తాను."

"ఈ పరిస్థితుల్లో కాలనీల్లో ఎవరు తిరుగుతారమ్మా?" అన్నారు వెంకటేష్ గారు.

ఆవిడ తల తిప్పి నా వైపు చూశారు. నేను లాప్‌టాప్ లోకి చూస్తున్నాను.

చివరికి ముప్ఫై ఏడూ కొట్టేసి, సొంత నెంబర్లతో మళ్లీ పెట్టుకోవడానికి మూడు రోజులు గడువిచ్చారు. ఆవిడ మళ్లీ స్కూటీ తీశారు. ఈలోగా హార్బరు వైపు కేసులు పెరిగి రెండు కాలనీలు మూసేశారు. మూడు రోజుల్లో తొమ్మిది మందికి మేనమామలవో ఇంటి ఓనర్లవో నెంబర్లు అడిగి వేయించగలిగారు. ఇరవై ఎనిమిది మంది మిగిలిపోయారు.

డబ్బు పడింది. జాబితాలో రెండు బోట్లున్న ఆసామి కొడుకు నాగవంశీ పేరు ఉంది. వాడు అబద్ధమేమీ చెప్పలేదు. బోట్లు కట్టేశారు, ఆదాయం తగ్గింది అని మంచి ఇంగ్లీషులో రాశాడు. ఫారం అడిగింది అంతే.

ఆగస్టులో దార్లు తెరిచాక చిలకమ్మ ఖాళీ తట్టతో కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది.

"ఏటమ్మా! ఆదారు తీస్కెల్నావు, బేంకు పుస్తకం తీస్కెల్నావు. పక్కీది కుర్రోడికి పడ్డాయి. మా పాప డబ్బులేటి సేసినావు?"

కనకరత్నం గారు బయటికి వెళ్లి, గడువు సంగతి, నెంబరు సంగతి అంతా చెప్పారు. ఫోన్ నెంబరు ఒకటే అయినంత మాత్రాన కూతురి డబ్బు ఎందుకు ఆగిపోతుందో చిలకమ్మకి అర్థం కాలేదు. నిజానికి అది ఎవరికైనా ఎలా అర్థమవుతుంది? చిలకమ్మ గేటు ముందు కూలబడి, ఫీజు కట్టకపోతే ఈసారి పిల్లని మానిపించెయ్యడమే, రొయ్యల కంపెనీలో రోజుకూలికి రమ్మంటన్నారు అని ఏడ్చింది.

మర్నాడు కనకరత్నం గారు తన జీతంలోంచి అయిదు వేలు తీసి, కవరులో పెట్టి, చిలకమ్మ ఇంటికి వెళ్లి చేతికిచ్చారు. "ఇది ఫీజుకే. పిల్లని మానిపించకు" అన్నారు. తన డబ్బని చెప్తే తీసుకోదేమో అనుకుని ఆ మాట చెప్పలేదు.

ఆ ఒక్క మాట చెప్పకపోవడంతో మొత్తం తలకిందులైపోయింది. చిలకమ్మ వీధంతా చెప్పుకుంది. "నాను గేటు కాడ గట్టిగా అరిసీసరికి కక్కీసిందే! మీరూ ఎల్లండి, నోరు మూసుకుంటే ఇవ్వదు."

ఆ వారంలోనే ఇరవై మందికి పైగా తల్లులూ తండ్రులూ గేటు ముందు చేరారు. "మాకూ ఇచ్చీ! దానికిచ్చి మాకెందుకివ్వవు?" అని అరిచారు. ఒకాయన ఆవిడ స్కూటీ హ్యాండిల్ పట్టుకుని ఇంటికి వెళ్లనివ్వలేదు. తాతబాబు అనే మా వాచ్‌మన్ అడ్డుపడి ఆవిడని లోపలికి తీసుకొచ్చాడు. ఆవిడ చెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. ఆవిడ ఆ రోజు తన కౌంటర్లో కూర్చుని ఏడుస్తుంటే, ఆఫీసులో ఎవరూ దగ్గరికి వెళ్లలేదు. దూరం పాటించాలి కదా అని అందరికీ ఒక వంక దొరికింది.

ప్రిన్సిపాల్ గారు మెమో ఇచ్చారు. 'అనుమతి లేకుండా విద్యార్థుల పత్రాలు సేకరించి, సంస్థకు అప్రతిష్ఠ తెచ్చినందుకు' అని. కౌంటరు నుంచి తీసి, మేడ కింద పాత జవాబుపత్రాల గదిలో వేశారు. గమ్ముసీసా, కత్తెర ఆవిడ వెంట తీసుకెళ్లలేదు.

మిగిలిన డబ్బుతో కాలితో నొక్కే శానిటైజరు స్టాండ్లు కొని, దాతల పేర్లు రాయించి, ఒక సభ పెట్టారు. ఆ సభలో చదివిన నివేదిక నేనే రాశాను. 'నకిలీ దరఖాస్తులు ఇరవై ఎనిమిది, సకాలంలో గుర్తించి నిలిపివేయడమైనది' అని అందులో ఒక వాక్యం ఉంది. చప్పట్లు కొట్టారు. నా కాంట్రాక్టు పొడిగించారు. తర్వాత రెండేళ్లకి పర్మనెంటు కూడా అయింది.

ధనశ్రీ చదువు నిలవలేదు. ఆ అయిదు వేలు ఫీజుకి చేరకముందే బియ్యానికీ, ఫోను విడిపించడానికీ అయిపోయాయి. రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి చేరింది.

కనకరత్నం గారు కిందటేడాది రిటైరయ్యారు. మెమో ఫైల్లో ఉండడంతో పెన్షన్ కాగితాలు ఎనిమిది నెలలు ఆగాయి. ఒక ఆదివారం ధైర్యం చేసి మల్కాపురం వెళ్లాను. లోపలికి రమ్మన్నారు, కుర్చీ వేశారు. ఆ రోజు మీటింగులో నాకంతా తెలిసీ మాట్లాడలేదని చెప్పాను.

"మీకు తెలుసని నాకు తెలుసు కదా బాబూ," అన్నారు. "పెట్రోలు పోసింది మీరే కదా. ఆ గదిలో కూర్చున్నంతసేపూ, ఇదుగో ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అనుకున్నాను."

క్షమించమన్నాను. "నేను ఇప్పటికీ హార్బరు వైపు వెళ్లను. మొన్న మా అమ్మాయి అనూరాధ కొడుకు చేపలు కావాలంటే గాజువాకలోనే కొనమన్నాను. నాకు చెప్పుకుంటే ఏం ప్రయోజనం? నన్ను దొంగనుకున్నవాళ్లకి చెప్పండి" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ మళ్లీ రాలేదు.

మర్నాడు తెల్లవారకుండానే హార్బరుకి వెళ్లాను. వేలం ముగిసి ఆడవాళ్లు చేపలు ఏరుకుంటున్నారు. చిలకమ్మని కనుక్కుని, జరిగింది మొదటినుంచీ చెప్పాను. డబ్బు ఆపింది మేమనీ, ఆ అయిదు వేలు ఆవిడ జీతమనీ చెప్పాను. చిలకమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"ఆవిడ సొంత డబ్బులా?" అంది. "మరప్పుడెందుకు సెప్నేదయ్యా నువ్వు? నాను ఈదంతా సెప్పీసినాను గదా. ఇప్పుడేటనీసి సెప్పాల?"

పక్కన మంచుపెట్టె మీద కూర్చున్న ఇంకో ఆమె అంతా వింటోంది. ఆమె కొడుకు కూడా ఆ ఇరవై ఎనిమిది మందిలో ఉన్నాడట. డిగ్రీ మానేసి ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడట.

"అయితే ఆ డబ్బులు ఇప్పుడిత్తారేటి?" అని అడిగింది నన్ను.

ఇవ్వరని చెప్పాను.

"ఇంకేటి మరి" అని, చేపల వైపు తిరిగిపోయింది.